మా పిన్ని ఫెయిలైన పాఠం

మా పిన్నికి పాఠం చెప్పడం రాదని రాసిన కాగితం ఒకటి ఉంది. దాని మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, నలభై నిమిషాల్లో ఆమె చేసిన పద్నాలుగు తప్పుల పట్టిక ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఒకటో తరగతి పిల్లలకి అంకెలూ అక్షరాలూ నేర్పిన మనిషి గురించి ఆ కాగితం చెప్పే మాట అది. అది చూసి ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాయమని బాబాయి సలహా ఇచ్చాడు. చల్లారితే నేను అసలు రాయను, నా సంగతి నాకు తెలుసు.

పిన్నీ నేనూ ఒకే బడిలో పని చేస్తాం. ఆమెది ఒకటో తరగతి, మెట్ల పక్క గది. నాది మూడో తరగతి, సరిగ్గా ఆ గది నెత్తిన. ఆమె ఉపాధ్యాయ శిక్షణ చదవలేదు. అప్పట్లో ఒకటో తరగతి టీచరు ఏడాది మధ్యలో మానేస్తే, ఎవరో ఒకరు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి కదా అని, హెడ్మాస్టరు పక్క వీధి దర్జీ భార్యని పిలిచి రెండు వారాలు చూడమన్నాడు. ఆ రెండు వారాలే ఇరవై ఆరేళ్ళయ్యాయి. కాగితాల్లో మాత్రం ఆమె పేరు పక్కన 'తాత్కాలికం' అన్న మాట అలాగే ఉండిపోయింది.

ఆ దర్జీ మా బాబాయి. ఆయన దుకాణంలో జత తప్పిన గుండీలన్నీ పిన్ని దగ్గరున్న రేకు డబ్బాలో చేరతాయి. నల్లవి, తెల్లవి, కోటు గుండీలు, పసిపిల్లల గౌనులకి కుట్టే పూల గుండీలు. ఆమె బోధన సామగ్రి అంతా ఆ డబ్బానే. బడి తెరిచిన మొదటి వారంలో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, గుప్పెడు గుండీలు పోసి లెక్కపెట్టమంటుంది. మధ్యలో నోరు మెదపదు. పిల్ల నోటి వంక కాదు, వేలి వంక చూస్తుంది. నోరు అందరిదీ బాగానే ఆడుతుంది, నిజం చెప్పేది వేలే అంటుంది. తర్వాత పొడుగు నోటుపుస్తకంలో ఆ పిల్ల పేరుకెదురుగా పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, ఎక్కడ ఆగిపోయిందో రెండు ముక్కలు రాస్తుంది. ఆ పిల్ల ఆ గండం దాటిన రోజున చుక్క చుట్టూ సున్నా చుడుతుంది. సున్నా చుట్టని చుక్కతో ఒక్క పిల్ల కూడా ఆమె గది దాటి వెళ్ళిన గుర్తు నాకు లేదు. నా మూడో తరగతి పిల్లలు లెక్కల్లో తడబడకపోవడానికి కారణం నేనేనని చాలాకాలం అనుకుంటూ తిరిగాను.

రెండేళ్ళ కిందట పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శిక్షణ ధ్రువపత్రం లేనివాళ్ళు ఇక తరగతి గదిలో ఉండకూడదు. ఉండాలంటే రెండు గట్టెక్కాలి. పారిభాషిక పదాల మీద ఒక రాతపరీక్ష, పరీక్షకుడి ముందు ఒక పాఠం. అందుకు రెండు అవకాశాలు ఇస్తారు. రెండోసారి కూడా తప్పితే ఒకటో తరగతి వదులుకోవాలి. ఆ ఉత్తర్వు తప్పని నేననను. పసిపిల్లల్ని ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెట్టకూడదు. నా కోపం ఉత్తర్వు మీద కాదు, ఎవరి మీదో చెబుతాను.

మొదటిసారి పిన్ని రాతపరీక్షలోనే తప్పింది. 'పూర్వజ్ఞానం అనగానేమి?' అని అడిగారు. అంటే కొత్త పాఠం మొదలుపెట్టే ముందే పిల్లకి ఆ విషయంలో ఎంత తెలుసో అది. పిన్ని నిర్వచనం రాయలేదు. ఇంట్లో అందరికీ పళ్ళేలు పెట్టి వడ్డించే పిల్లకి భాగహారం సగం వచ్చేసినట్టే, ఆ పిల్లకి పలక ఇచ్చే ముందు పళ్ళేల సంగతి అడగాలి, అని రాసింది. అలా ఇరవై ప్రశ్నలకీ ఇరవైమంది పిల్లల కథలు రాసి వచ్చింది. దిద్దినాయన ప్రతి కథ కిందా ఎర్ర పెన్సిల్‌తో 'నిర్వచనం ఏది?' అని రాసి సున్నా వేశాడు.

దిద్దినాయన ట్రైనింగ్ కాలేజీ లెక్చరరు. అక్కడ చదివిన మేమంతా ఆయన్ని పదాల మాస్టారు అంటాం. ఎనభై నాలుగు పదాలు, ఎనభై నాలుగు నిర్వచనాలు, నీలం అట్ట నోట్సు. కామా తప్పితే అర మార్కు కోసేస్తాడు. నేను ఆయన శిష్యురాలినే. ఎనభై నాలుగూ కామాలతో సహా అప్పజెప్పి ఆ ఏడాది కాలేజీ ఫస్టు తెచ్చుకున్నాను. ఆ గర్వం ఇంకా కాస్త మిగిలే ఉండేది, దాచడమెందుకు.

రెండో అవకాశానికి నేను నడుం కట్టాను. బాబాయి కొత్త చొక్కాలు మడతపెట్టే అట్టల్ని ముక్కలు కోసి, ఒక వైపు పదం, రెండో వైపు నిర్వచనం రాశాను. వంటింటి అలమర తలుపుకి పది, కుట్టుమిషన్ మీద పది, అద్దం చుట్టూ ఓ డజను. గడ్డం గీసుకునేటప్పుడు బాబాయికి కూడా నాలుగైదు నోటికొచ్చేశాయి. కొలతలు ఇవ్వడానికి వచ్చినాయన్ని పట్టుకుని 'ప్రేరణ అనగానేమి?' అని అడిగాడట.

పిన్నికి మాత్రం ఎక్కేవి కావు. అట్ట చూడగానే 'అంటే ఏంటే?' అనేది. నేను చెప్పేదాన్ని. 'ఓస్, అదా' అని వెంటనే ఓ పిల్లాడి కథ ఎత్తుకునేది. పరంజా అన్న మాట తీసుకోండి. ఇల్లు కట్టేటప్పుడు గోడ లేచేదాకా ఆసరాగా కట్టి, లేచాక విప్పేసే కర్రలు పరంజా. పిల్ల ఒంటరిగా చేయలేని పనికి మొదట ఊతమిచ్చి, చేతనయ్యేకొద్దీ ఆ ఊతం తీసేయడాన్ని కూడా బోధనలో అదే మాటతో అంటారు. అది చెబితే పిన్ని, వంకర గీతల పిల్లాడొకడిని గుర్తు చేసుకుంది. మొదట వాడి మణికట్టు పట్టుకునేదట, తర్వాత పెన్సిల్ చివర మాత్రమే, తర్వాత పక్కన ఊరికే కూర్చునేది. చివర చివర గది అవతలి మూల నుంచి తను దగ్గితే చాలు, వాడు తిన్నగా రాసుకుపోయేవాడట.

లోప నిర్ధారణ అంటే పిల్ల ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడం. లోప నివారణ బోధన అంటే అక్కడి నుంచి దాటించడం. ఆ రెండూ ఆమె నోటుపుస్తకంలో చుక్కా, చుక్క చుట్టూ సున్నా. నేను కాలేజీలో రెండేళ్ళు చదివిన చదువు ఆమె దగ్గర పెన్సిల్ గుర్తుల్లో ఉందని అప్పుడే నాకు తెలిసింది. తెలిసి కూడా నేనేం చేశానో చూడండి. పిల్లల ఊసెత్తకు పిన్నీ, అట్ట మీద ఉన్నది ఉన్నట్టు రాయి, కామా కూడా వదలకు, అని వెంటపడ్డాను.

ఒక్క అట్ట దగ్గర మాత్రం ఆమె కథేమీ చెప్పలేదు. అది సమ్మిళిత విద్య. వెనకబడినవారు, ముందున్నవారు, వైకల్యం గలవారు అని విడదీయక, పిల్లలందరినీ ఒకే తరగతి గదిలో కలిపి బోధించడం. పిన్ని ఆ అట్టని రెండు వైపులా తిప్పి చూసింది.

"దీనికి కూడా ఓ పేరెందుకే? గదిలో కాకపోతే ఇంకెక్కడ కూర్చోబెడతారు?"

నాకు జవాబు తెలుసు. కానీ చెప్పలేదు, ముందు బట్టీపట్టమన్నాను.

పట్టింది పాపం. యాభై మూడేళ్ళ మనిషి అన్నం కలుపుతూ, కాజాలు కుడుతూ, బడికి నడుస్తూ వల్లెవేసింది. నూటికి డెబ్భై ఒకటి వచ్చాయి. ఇరవై ఆరేళ్ళుగా చదువు చెప్పిన పిల్లలందరినీ మనసులోంచి బయటికి పంపేసి, ఉత్త నిర్వచనాలు రాసి పాసయింది. ఆ రోజు బాబాయికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

ఇక పాఠం మిగిలింది. ట్రైనింగ్ కాలేజీ ఆవరణలోనే ఒక చిన్న బడి ఉంది. కాబోయే టీచర్లు పాఠం చెప్పి చూపించుకోవడానికి పెట్టినది. దానికో ఆనవాయితీ ఉంది, బయటివాళ్ళెవరికీ తెలియదు, లోపలివాళ్ళెవరూ మాట్లాడరు. పరీక్షకి ముందు రోజే వెళ్ళి అదే పాఠాన్ని అదే పిల్లలకి ఒకసారి చెప్పేస్తారు. ఏ ప్రశ్నకి ఎవరు లేవాలో పంచేస్తారు. ఎంత చెప్పినా జవాబు రాని పిల్లల్ని, పరీక్షకుడు వచ్చే వేళకి వెనక ఆవరణలో మొక్కలకి నీళ్ళు పోయడానికి పంపేస్తారు. వాళ్ళని నీళ్ళ పిల్లలంటారు. హాజరుపట్టీలో మాత్రం అందరూ ఉన్నట్టే పొద్దున్నే రాసి ఉంటుంది. పరీక్షకుడికి తెలియదా అంటే, ఆయనా ఆ బళ్ళోనే పాఠం చెప్పి పాసైనవాడు.

నా పరీక్ష ముందు రోజున ఆ తరగతి టీచరు నన్ను పక్కకి పిలిచి ఎవరెవరిని నీళ్ళకి పంపమంటావని అడిగింది. నేను వేలు పెట్టి ఆరుగురిని చూపించాను. ఆ వేలు ఏమాత్రం తడబడలేదు. నాకు కాలేజీ ఫస్టు అలా వచ్చింది.

పిన్ని పాఠానికి ముందు రోజు కూడా నేనే వెళ్ళాను, ఆమెకి చెప్పకుండా. చెబితే వద్దంటుందని తెలుసు. ఇరవై లోపు కూడికలు. ఏడూ అయిదూ పన్నెండు, ఎనిమిదీ ఆరూ పద్నాలుగు, అలా ఆరు లెక్కలు పంచేసి వచ్చాను. ముప్పై ఒక్కమందిలో ఏడుగురు నీళ్ళకి. పిన్ని ఒకటో తరగతి నిలబెట్టాలని చేశాను. అలా అనుకునే చేశాను.

మర్నాడు పిన్ని గదిలోకి వెళ్ళింది. పదాల మాస్టారు వెనక కుర్చీలో మార్కుల కాగితంతో కూర్చున్నాడు. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. పాఠ్యపథకం నేనే గళ్ళు గీసి నిమిషాలతో సహా రాసిచ్చాను, అది బల్ల మీద పెట్టుకుంది. హాజరుపట్టీ తెరిచి చూసింది. తర్వాత, మా బళ్ళో రోజూ చేసినట్టే, వేలితో తలలు లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది. ఇందులో ముప్పై ఒకటని ఉందే, మిగతావాళ్ళు ఏరని పిల్లల్ని అడిగింది. ముందు బెంచీలో ఒక పిల్లాడు బుద్ధిగా లేచి, వాళ్ళు నీళ్ళ పిల్లలు టీచర్, పరీక్షలప్పుడు మొక్కలకి నీళ్ళు పోస్తారని చెప్పాడు.

పిన్ని కిటికీ వైపు తిరిగి నా వంక చూసింది. నేను తల పక్కకి తిప్పుకున్నాను.

ఆమె వెనక తలుపు తీసి ఆవరణలోకి కేకేసింది. ఏడుగురూ బురద కాళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు, లోపలికి రావచ్చో లేదో వాళ్ళకి తెలియలేదు. చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినీ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఏడూ అయిదూ ఎంతని అడుగుతుంటే, మాట పూర్తి కాకుండానే ఆ బుద్ధిమంతుడు పన్నెండన్నాడు. మరి ఆరూ అయిదూ? దానికీ అంత ధీమాగా పన్నెండన్నాడు. పిన్ని పాఠ్యపథకం మూసి పక్కన పెట్టి, సంచీలోంచి గుండీల డబ్బా తీసింది.

నీళ్ళ పిల్లల్లో ఒకతె, నూరు దాకా అంకెలు ఊపిరి తీయకుండా చెప్పేయగలదు. తొమ్మిది గుండీలు ముందు పెడితే పదమూడని తేల్చింది. నోరు ముందు పరిగెత్తుతోంది, వేలు వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. పిన్ని ఆ పిల్లకి అప్పటికప్పుడు రైలుబండి అని పేరు పెట్టింది. డబ్బా ఖాళీ చేసి, ఒక్కొక్క గుండీ అందులో పడేయమంది. టక్‌మని వినిపించాకే అంకె చెప్పాలి, ముందు చెబితే రైలు పట్టాలు తప్పినట్టే. మొదట ఆ పిల్ల చేతిని తన చేత్తో ఆపుతూ చేయించింది. తర్వాత చెయ్యి తీసేసింది. తర్వాత డబ్బా తీసేసి గుండీ ముట్టుకుంటూ చెప్పమంది. మిగతా పిల్లలు కూడా ఇద్దరిద్దరుగా గుండీలు పంచుకుని నేల మీద చేరారు. బుద్ధిమంతుడు పదకొండు దగ్గర మూడుసార్లు తప్పి, నాలుగోసారి తల గోక్కుంటూ నిజంగా లెక్కపెట్టాడు. గంట కొట్టేసరికి రైలుబండి తొమ్మిది గుండీలని తొమ్మిదని రెండుసార్లు చెప్పింది. బోర్డు మీద ఒకే ఒక్క లెక్క ఉంది.

ఆ నలభై నిమిషాలకి పద్నాలుగు తప్పులు రాశాడు పదాల మాస్టారు. శీర్షిక ప్రకటించలేదు. పాఠ్యపథకం పూర్తి చేయలేదు. ఒకే విద్యార్థినిపై సమయం వృథా చేశారు. అనుమతి లేకుండా పిల్లలను లోనికి పిలిచారు. వీటన్నిటినీ నేను భరించేదాన్నే. తొమ్మిదో తప్పు మాత్రం భరించలేకపోయాను. విద్యార్థుల పూర్వజ్ఞానాన్ని పరీక్షించలేదు, అని ఉంది. ఆ గదిలో ఏ ఒక్కరైనా ఆ పని చేశారంటే అది ఆమె ఒక్కతే. పిల్లాడి నోట్లో మనం ముందు రోజు పెట్టిన జవాబుని మర్నాడు బయటికి తీసి, దాన్నే పూర్వజ్ఞానం అనుకునే మనిషి ఆమెకి ఆ తప్పు రాశాడు.

నేను తిన్నగా కాలేజీకి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. సమ్మిళిత విద్యకి నిర్వచనం మీరు చెప్పిందే కదా మాస్టారూ, పిల్లలందరినీ ఒకే గదిలో అన్నారు కదా, అని అడిగాను. ఆయనకి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"అది రాతపరీక్ష అమ్మాయ్. ఇది పాఠం" అన్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "నువ్వు ఆరుగురిని పంపావు. నేనే మార్కులు వేశాను, గుర్తుంది" అన్నాడు.

అంతసేపూ ఆయన మీద ఉన్న మంట సగం నా మీదికి తిరిగింది. ఆ సగం ఇప్పటికీ తగ్గలేదు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ఒకటో తరగతి వేరే ఆవిడకి ఇచ్చారు. పిన్నిని పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు, వచ్చినవాళ్ళకి సుద్దముక్కలూ డస్టర్లూ ఇవ్వడానికి. కొత్తావిడ మంచిదే, ఎనభై నాలుగూ వచ్చు. పిన్ని తన పొడుగు నోటుపుస్తకం ఆమెకి ఇస్తే, చుక్కలేంటో అర్థం కాక బీరువాలో దాచింది. అందులో సున్నా చుట్టని చుక్కలు ఇంకా పన్నెండు ఉన్నాయి.

పిన్ని మాస్టారిని ఒక్క మాట అనలేదు. ఇంట్లో అట్టలన్నీ తీసి కట్టకట్టి బాబాయికి ఇచ్చేసింది. నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఒకరోజు పుస్తకాల గదికి సుద్దముక్కల కోసం వెళితే, పెట్టె అందిస్తూ తల ఎత్తకుండా అంది.

"నన్నో మాట అడగకుండా వాళ్ళని బయటికి పంపావు కదే."

నేను పెట్టె అందుకున్నాను. ఆమే మళ్ళీ, ఆ రైలుబండికి తొమ్మిది నిలిచిందో లేదో ఒకసారి చూసి రమ్మంది. తనని ఇక ఆ గదిలోకి రానివ్వరు కదా. ఒకటో తరగతి పోయిన మనిషికి మిగిలిన దిగులు అదీ. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

సెలవు పెట్టి మర్నాడే వెళ్ళాను. ఆ రోజు ఇంకెవరిదో పాఠం. గదిలోంచి ఏడూ అయిదూ పన్నెండని ఒక్క గొంతుతో వినిపిస్తోంది. వెనక ఆవరణలో ఏడుగురూ ఉన్నారు, చేతుల్లో డబ్బాలు, బురద కాళ్ళు. రైలుబండి గోడ వారగా పెట్టిన కుండీల ముందు వంగి ఉంది. ఒక్కొక్క కుండీ అంచుని వేలితో ముట్టుకుంటోంది. ముట్టుకున్నాకే అంకె చెబుతోంది. తొమ్మిది దగ్గర ఆగలేదు. చివరి కుండీ దగ్గర పద్దెనిమిది అంది. నేను వెనక నుంచి నా వేలితో లెక్కపెట్టి చూసుకున్నాను. పద్దెనిమిదే.

అప్పుడు నేను ఆలోచించలేదు, ఆలోచిస్తే చేసేదాన్ని కాదు. డబ్బాలు కింద పెట్టించి, ఏడుగురినీ వెంటబెట్టుకుని వెనక తలుపు తీశాను. సుద్దముక్క పట్టుకున్న అభ్యర్థిని బోర్డు దగ్గర బిగుసుకుపోయింది. పదాల మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు. నా సర్టిఫికెట్టు కూడా ఇలా పిల్లల్ని బయటికి పంపే వచ్చింది, కావాలంటే వెనక్కి తీసుకోమన్నాను. బుద్ధిమంతుడు ముందు బెంచీలోంచి నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"ఇది మా పిన్ని ఫెయిలైన పాఠం మాస్టారూ. ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి."

ఈ గదిలో ఎంతమంది పిల్లలున్నారో చెప్పమని రైలుబండిని అడిగాను. ఆ పిల్ల మాస్టారి వంక కూడా చూడలేదు. మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క తల మీదా తడి వేలు ఆనించి, ఆనించాకే అంకె చెప్పుకుంటూ నడిచింది. ఎవరూ కదలలేదు. చివర్న తనతో వచ్చిన ఆరుగురినీ ముట్టుకుని ముప్పై అంది. అని ఆగి, ఏదో తేడాగా ఉందని చుట్టూ చూసింది. అంతలో నవ్వొచ్చింది ఆ పిల్లకి. వేలు తన గుండె మీద పెట్టుకుని ముప్పై ఒకటి అంది.

మాస్టారి ఒళ్ళోని హాజరుపట్టీలో పొద్దున్నే రాసిపెట్టిన అంకె కూడా అదే. మా పిన్ని పాఠం తర్వాత, ఆ గదిలో ఆ అంకె నిజం కావడం అది రెండోసారి.